గుమ్మానికి అడ్డం పెట్టిన కంప

మా ఆఫీసులో గొడవలన్నీ చివరికి నా బల్ల మీదికే వచ్చేవి. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఇళ్ళు అద్దెకిప్పించి, ఇంటివాళ్ళ తరఫున వ్యవహారాలు చూసి, కొళాయి కారితే మనిషిని పంపించే చిన్న ఆఫీసు అది. నేను విశాఖపట్నంలో లా చదివి వచ్చానని మా యజమానికి తెలుసు. ఆ డిగ్రీ పట్టుకుని ఇక్కడి కోర్టులో నిలబడలేనని కూడా తెలుసు. కాబట్టి నాది గుమాస్తా కుర్చీ, ప్లీడరు పని. మా ఆయన ఉద్యోగం కోసం వచ్చినదాన్ని, ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం కన్నా ఇదే నయమని చేరాను.

అప్పటికి నల్లవాళ్ళు కూడా ఓటేసిన మొదటి ఎన్నికలై రెండు మూడేళ్ళయింది. కొత్త రాజ్యాంగాన్ని అరచేతిలో పట్టే పుస్తకంగా అచ్చేసి ఊరూరా పంచారు. జనం ఆ పుస్తకాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకి వచ్చేవాళ్ళు. ఇంటివాళ్ళూ తెలివి మీరారు. పాత రోజుల్లో మొహం మీదే కుదరదనేవాళ్ళు కాస్తా ఇప్పుడు "అయ్యో, నిన్ననే ఎవరికో మాటిచ్చేశాం" అనడం నేర్చుకున్నారు. నాకూ ఆ మర్యాద జరిగింది. ఫోన్లో ఖాళీగా ఉందన్న ఇల్లు, నేను చీర కట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి నిండిపోయింది. అందుకని వివక్ష అన్న మాట వినగానే ముందు నమ్మేదాన్ని, తర్వాత రెండో పక్షం వినేదాన్ని. ఆ వరస మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు వచ్చినావిడ నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల యూనిఫారం, భుజాల మీద ఎర్రటి పట్టీలు. జూలూ మనిషి, నలభై దాటి ఉంటాయి. నార్త్‌డేల్ పేటలో ఒక ఇండియన్ ఇంటి ఔట్‌బిల్డింగ్‌లో, అంటే పెరట్లో విడిగా కట్టిన రెండు గదుల వాటాలో, మా ఆఫీసు ద్వారానే చేరి, కూతురితో అద్దెకుంటోంది. రోగి సంగతి డాక్టరుకి చెప్పినట్టు, తొందర లేకుండా ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది.

ఇంటాయన భార్యకి షుగరు ముదిరి చూపు పోయింది. ఈవిడ రోజూ పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు ముందింట్లోకి వెళ్ళి ఆమెకి ఇన్సులిన్ సూది వేసేది. ఎవరూ అడగలేదు. ఆయన చేతులు వణకడం ఒకరోజు చూసి తనే మొదలుపెట్టింది. పెద్దావిడ చేత్తో తడుముకుంటూ ఒక గిన్నెలో ఏదో ఒకటి పెట్టి పంపేది. సాయంత్రం పూట ఆయన భార్య చేత మోచెయ్యి పట్టించుకుని పెరట్లో నాలుగడుగులు నడిపించి, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళేవాడు. గుమ్మం దగ్గర ఆయన తమ భాషలో హెచ్చరించడం ఈవిడకి తన కిటికీలోంచి రోజూ వినిపించేది.

"ఆ ఒక్క మాట నాకూ వచ్చు" అంది. "మెట్టు."

అచ్చం మన వైపు పలికినట్టే పలికింది.

మూడు వారాల కిందట పెద్దావిడ పోయింది. ఆ పూట నర్సు ఇంట్లోనే ఉంది. ఆయన కేకేస్తే పరిగెత్తింది, నాడి చూసింది, కళ్ళు మూసింది, ఆస్పత్రి అలవాటు కొద్దీ వాచీ చూసి టైము చెప్పింది. కర్మలయ్యాయి. ఆ తర్వాత ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు కింద కాగితం తోసి ఉంది. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలని ఉంది, ఎందుకో లేదు. అడుగుదామని వెళ్తే ఆయన తల తిప్పుకున్నాడు.

"పైగా ఇంట్లో పడుకోవడం లేదు. కారులో పడుకుంటున్నాడు. ఆ కారు నా తలుపు వైపు తిప్పి పెట్టాడు. నా ఇంటికి ఎవరొస్తున్నారో, ఎవరు పోతున్నారో కాపలా కాస్తున్నాడు. నా కూతురు కిటికీ తెర తీసి చదువుకోలేకపోతోంది."

కూతురిది మెట్రిక్, ఇక్కడి బడిలో చివరి ఏడు. ఏడాది చివర్లో పరీక్షలు. బడి నార్త్‌డేల్‌లోనే, నడిచి వెళ్తుంది. ఇల్లు పోతే కొండల అవతలి సొంత ఊరికి పోవాలి. అక్కడ రెండు పార్టీలవాళ్ళు ఒకరి ఇళ్ళు ఒకరు తగలబెట్టుకుంటున్న రోజులవి. అక్కడికి పోతే ఆ పిల్ల పరీక్ష రాయడం ఇక లేనట్టే. తల్లికి కావలసింది ఒక్కటే, పరీక్షలయ్యేదాకా ఆ రెండు గదులు.

"సూది కావలసినన్నాళ్ళు నేను సిస్టర్ని. ఆవిడ పోగానే నల్లదాన్నయ్యాను. అదే రాసుకోండి" అంది.

నేను రాసుకున్నాను.

మా యజమాని ఫిర్యాదు చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంటాయన మీ భాషవాడేగా. నువ్వే వెళ్ళి చూడు. పేపర్లోకి ఎక్కకుండా తెముల్చు" అన్నాడు.

మా భాషవాడన్నది నిజమే. ఆయన తాతలు చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఈయన చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కోసి కోసి రిటైరయ్యాడు. నేను ఆఫీసులో చేరిన కొత్తల్లో ఏ పనీ లేకపోయినా ఫోన్ చేసి "ఏటమ్మా, బాగున్నావా?" అనేవాడు. నేను సంబరపడి నాలుగు మాటలు మాట్లాడేలోపు ఇంగ్లీషులోకి దిగిపోయేవాడు. "నాకు తెలుగు అంతా రాదు. మా యావిడతో మాట్లాడేదే వచ్చు" అని ముందే చెప్పేశాడు. నేను ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. ఈ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అంకుళ్ళే, బాబాయ్ అని పిలిపించుకుని ఎన్నేళ్ళయిందోనని ఆయన మురిసిపోయాడు.

అంత మురిపెం ఉన్నా, నార్త్‌డేల్ బస్సులో కూర్చున్నప్పుడు నా మనసు నర్సు వైపే ఉంది. మనవాళ్ళ సంగతి నాకు తెలియనిది కాదు. నల్లవాళ్ళకి విడిగా ఎనామెల్ మగ్గు ఉంచే ఇళ్ళు నేను ఈ దేశంలో చూశాను. మా ఊళ్ళో అదే పని స్టీలు గ్లాసుతో జరిగేది, అదీ చూశాను.

గేటు తియ్యగానే మొదట కారు కనబడింది. పాత తెల్ల కారు. వెనక సీట్లో దిండు, దుప్పటి. డ్రైవరు అద్దానికి ఒక తువ్వాలు, బానెట్ మీద గడ్డం గీసుకునే డబ్బా. పెరటి కొళాయి పక్కన ఇటుకల మీద చిన్న గ్యాసు పొయ్యి. చలి ఇంకా పోలేదు, గడ్డి మీద పొద్దుటి మంచు తెల్లగా ఉంది. ఆయన కారు తలుపు తెరుచుకుని, ఒక కాలు బయట పెట్టి, కోటు మీద కోటు వేసుకుని కూర్చున్నాడు.

తర్వాత ముందింటి గుమ్మం చూశాను. తలుపు తాళం వేసి ఉంది. దానికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకి, ఒక పెద్ద ముళ్ళకొమ్మ కట్టి ఉంది. చూడ్డానికి మన రేగు కంపలాగే ఉంది.

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక ఇంటికి ఇలాగే కంప వేశారు. బంతి ఆ ఇంటి అరుగు మీద పడితే ఎవరమూ తెచ్చుకునేవాళ్ళం కాదు. ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే దాన్ని ధనిష్ఠా పంచకం అంటారు. ఆ ఇల్లు కొన్ని నెలలు పాడుపెట్టాలి. తలుపు మూసి, పోయినవాళ్ళు తిరిగి లోపలికి రాకుండా కంప అడ్డం వెయ్యాలి. లేకపోతే ఆ ఇంట్లోంచి ఇంకో ప్రాణం పోతుందని భయం. నేను ఆఫీసు నుంచి తెచ్చుకున్న ప్రశ్నలన్నీ ఆ కంప ముందు ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

"ఎవరు చెప్పారు బాబాయ్ గారూ?" అన్నాను.

"పంతులు సెప్పినాడమ్మా. రేవతి అంట. సెడ్డ నచ్చత్రం. ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాల అన్నాడు."

మూడు తరాలుగా ఈ ఊరి తెలుగువాళ్ళు ఈ సంగతే మరిచిపోయి, ఏ నక్షత్రంలో పడితే ఆ నక్షత్రంలో పోతూ వచ్చారు. ఎవరి ఇంటికీ ఏమీ కాలేదు. తర్వాత రెండు దేశాలకీ రాకపోకలు మొదలయ్యాయి, గోదావరి వైపు నుంచి ఒక పంతులుగారు వచ్చారు, ఆయన సంచీలో పంచాంగం వచ్చింది. అంతే, నక్షత్రాలన్నీ మళ్ళీ పనిలోకి దిగాయి.

మిగతాది ఆయన సగం ఇంగ్లీషు, సగం తెలుగులో చెప్పాడు. ఉన్నది ఒక్కతే కూతురు, స్టాంగర్‌లో. ఇన్నేళ్ళ తర్వాత కడుపుతో ఉంది. రమ్మని రోజూ పోరుతోంది. "ఈ దోసం మోసుకెల్లి దాని గడపలో పెడతానా? నో మ్యాన్. నేను ఎల్లను." విడి కప్పు, విడి గుమ్మం ఉన్న చోటయితే ఉండొచ్చని పంతులుగారు సెలవిచ్చారు. ఆయనకున్న విడి కప్పు ఆ ఔట్‌బిల్డింగ్ ఒక్కటే. అది ఖాళీ అయ్యేదాకా కారే ఇల్లు.

"మరి కారు ఆమె తలుపు వైపు ఎందుకు తిప్పారు?"

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. "ఈ ఇంటి వైపు సూడలేకమ్మా" అన్నాడు. "అటు తిరిగి కూకుంటే అదే తలుపు కనపడతాది."

నర్సు ఏమనుకుంటోందో చెప్పాను. కాపలా అన్న మాట విని ఆయన మొహం ఎర్రబడింది. "అలాగ అనుకుందా?" అని రెండుసార్లు అడిగాడు.

"మీరు ఆమెకి ఒక్క మాట చెప్పి ఉంటే అనుకునేది కాదు."

"ఏటని సెప్పాల? ఆఫ్రికన్ మనిషి. మన సంగతి ఆమెకేం తెలుస్తాది? నవ్వుతాది." పై కోటు దగ్గరికి లాక్కున్నాడు. "మా యావిడ సెడ్డ గడియలో పోనాదని నా నోటితో నేనే సెప్పుకోనా?"

నాకు ఒళ్ళు మండింది. "రెండేళ్ళు రోజూ సూది వేసిన మనిషి బాబాయ్ గారూ. మీ ఆవిడ ఆమె చేతుల్లో పోయింది. ఆ మనిషి నవ్వుతుందని ఎలా అనుకున్నారు?" అని గట్టిగానే అడిగాను. ఆయన లేచి, కారని కొళాయిని ఇంకా బిగించాడు.

వచ్చేముందు, కోపం తగ్గాక, ఆవిడ ఏ వేళప్పుడు పోయిందని అడిగాను. పలకరింపుకి అడిగానే తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. సాయంత్రం నాలుగింటికని, సిస్టరే వాచీ చూసి చెప్పిందని, అదే టైము పంతులుగారికి చెప్పానని అన్నాడు.

బస్సులో నాకు రెండు పక్షాలూ కనబడటం మొదలయింది. డెబ్బై ఏళ్ళ మనిషి చలిలో కారులో ముడుచుకుని పడుకుంటున్నాడు. పరీక్షకి చదవాల్సిన పిల్ల తెర వేసుకుని కూర్చుంటోంది. ఇద్దరికీ కావలసిన కప్పు ఒక్కటే. న్యాయంగా ఎవరికి ఇవ్వమంటారంటే నేను ఆ పిల్లకే ఇమ్మనేదాన్ని. కానీ ఆయన్ని నార్త్‌డేల్‌లో ఎక్కడ పడుకోమనాలో నాకు తోచలేదు.

ఇంటికి వచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాక, గోడకి వేలాడుతున్న పంచాంగం తీశాను. మా అమ్మ ప్రతి ఉగాదికీ పంపుతుంది. నాకు అంత నమ్మకం లేదు. ఏకాదశి ఉపవాసాలున్నాయో లేదోనని అమ్మ ఫోన్లో నిలదీస్తుంది కాబట్టి చూడక తప్పదు. చూసేటప్పుడల్లా మూడున్నర గంటలు కలుపుకోవాలి, ఇక్కడ మధ్యాహ్నమంటే అక్కడ సాయంత్రం. పెద్దావిడ పోయిన తేదీ పట్టుకుని చూశాను. ఆ రోజు రేవతి సాయంత్రం ఆరు లోపే అయిపోయింది, తర్వాత అశ్విని. పంచాంగం అచ్చేసినవాళ్ళ గడియారం ఇండియాది. ఇక్కడ నాలుగంటే అక్కడ ఏడున్నర. పెద్దావిడ అశ్వినిలో పోయింది. అశ్వినికి ఏ దోషమూ లేదు.

వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టుకుని పంతులుగారికి ఫోన్ చేశాను. ఆయన ముందు నా గోత్రం అడిగారు, తర్వాత విన్నారు. విన్నాక పంచాంగం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడింది.

"నా వాచీ చాలాకాలం మన దేశం టైములోనే ఉంచుకున్నానమ్మా" అన్నారు. "ఎవరైనా ఇక్కడి టైము చెబితే, వాచీ చూడగానే తేడా గుర్తొచ్చేది. కాని దాన్ని చూసుకుని బయల్దేరి పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ మూడున్నర గంటలు ముందే పోయి కూర్చుంటున్నాను. అందరూ నవ్వుతున్నారు. ఈమధ్యనే ఈ ఊరి టైముకి తిప్పేశాను. ఆయన నాలుగంటే నాలుగనే పంచాంగంలో చూసేశాను." పంచాంగం మూసిన చప్పుడయింది. "అశ్విని అయితే దోషం లేదు. తలుపు తీసుకోమనండి."

ఫోన్ పెట్టేశారు. ఈ దేశంలో కుదురుకుందామని ఆయన వాచీ తిప్పుకుంటే, నార్త్‌డేల్‌లో ఒక ముసలాయన కారులోకి మారాడు. నాకు నవ్వొచ్చింది, పప్పు కూడా మాడింది. ఏమైతేనేం, తగువు తెగిపోయిందనుకున్నాను. లెక్క సరిదిద్దితే మనుషులు కూడా సర్దుకుంటారని లా చదివినవాళ్ళకి ఒక భ్రమ.

నర్సుకి సెలవున్న శనివారం ఇద్దరినీ పెరట్లోనే కూర్చోబెట్టాను. మూడు ప్లాస్టిక్ కుర్చీలు. పిల్ల లోపల చదువుకుంటోంది, తెర వేసే ఉంది. ముందు నర్సుకి కారణం చెప్పాలి, ఆ తర్వాత ఆయనకి నక్షత్రం సంగతి చెప్పాలి అని వరస వేసుకున్నాను. వేసుకున్నట్టే మొదలుపెట్టాను. చావు వేళ చెడ్డదైతే ఇల్లు మూస్తారని, ఆయనకి వేరే చోటు లేక ఔట్‌బిల్డింగ్ అడిగాడని, కారు అటు తిప్పింది ఆమె కోసం కాదని చెప్పాను. ఆయన తల వంచుకుని బూట్ల వైపు చూస్తూ విన్నాడు.

నర్సు అంతా విని, కంప వైపు చెయ్యి చూపించింది. "మరి అది ఎందుకు?"

"పోయినావిడ మళ్ళీ లోపలికి రాకుండా."

"హౌ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ చెట్టుని వాళ్ళు ఉంపాఫా అంటారట. తన తండ్రి ఆస్పత్రిలో పోయినప్పుడు అన్నలు ఆ చెట్టు కొమ్మ పట్టుకుని వెళ్ళి, ఆయన పోయిన మంచం దగ్గర నిలబడి, ఇంటికి పోదాం రమ్మని పిలిచారట. టాక్సీలో ఆ కొమ్మకి ఒక సీటు ఇచ్చారట. దారి పొడవునా ఇప్పుడు వంతెన దాటుతున్నాం, ఇప్పుడు మన కొండ ఎక్కుతున్నాం అని ఆయనకి చెబుతూ తెచ్చి ఇంట్లో పెట్టారట.

"ఆయన ఆ కొమ్మ తెచ్చి కట్టడం నేను చూశాను" అంది. "ఇండియన్లు కూడా ఇలా చేస్తారన్నమాట, ఆమెని ఇంటికి తెచ్చుకున్నాడు అనుకున్నాను. ఇల్లంతా చీకటి. లోపల ఆమె ఒక్కతే ఉందనుకుని, రోజూ డ్యూటీకి వెళ్తూ ఆ గుమ్మం దగ్గర ఆగి ‘సౌబోనా మా’, బాగున్నావా అమ్మా అని పలకరించి వెళ్తున్నాను."

నేను ఆయన కోసం తెలుగులోకి మార్చబోయాను. అక్కర్లేదని చెయ్యి ఊపాడు. ఇంగ్లీషు ఆయనకి నాకన్నా బాగా వచ్చు.

నర్సు ఆయన వైపు తిరిగి, వాళ్ళ భాషలో తండ్రిని పిలిచే మాటతో పిలిచింది. "బాబా, నాకంటే ముందు ఈ గదుల్లో ఒక ఇండియన్ కుటుంబం ఉండేది కదా. వాళ్ళకి కూడా తలుపు కింద కాగితం తోసేవారా?"

ఆయన తెర వేసిన కిటికీ వైపు చూశాడు. అబద్ధం ఆడతాడేమోనని నేను భయపడ్డాను. మా ఆఫీసుకి ఆ అబద్ధమే కావాలి.

"లేదు" అన్నాడు. "తలుపు కొట్టి లోపలికెళ్ళి చెప్పేవాణ్ణి. కూర్చుని అందరం కలిసి ఏదో ఒక దారి చూసుకునేవాళ్ళం."

"నేను రాయించింది అదే" అంది నర్సు. "నాకు చెప్పి ఉంటే మా గదుల్లో ఒకటి మీకిచ్చేదాన్ని. మేమిద్దరం ఒక దాంట్లో పడుకునేవాళ్ళం."

ఆయన తల ఊపాడు. నేను ఫైలు మూసేశాను. అక్కడ రాయడానికి నాకేమీ మిగల్లేదు. తర్వాత మా యజమాని ఫిర్యాదు వెనక్కి తీసుకుందా అని అడిగాడు, లేదన్నాను. మరి రాజీ ఎలా అయిందన్నావు అన్నాడు. ఫిర్యాదు నిజమని ఇంటాయన ఒప్పుకున్నాడు, కాబట్టి ఆవిడ ఉండిపోతోంది అన్నాను. అది ఏ అరలో పెట్టాలో ఆయనకి తెలియక ఆ ఫైలు కిటికీ దగ్గర చాలా రోజులు పడి ఉంది.

కానీ అది తర్వాత సంగతి. అప్పటికి నేను చెప్పాల్సిన రెండో విషయం మిగిలే ఉంది. శుభవార్త చెబుతున్నట్టే చెప్పాను. పంతులుగారి వాచీ, మూడున్నర గంటలు, రేవతి కాదు అశ్విని, దోషం లేదు, ఇల్లు ఇప్పుడే తెరుచుకోవచ్చు. గదులు సిస్టర్‌కే ఉంటాయి, మీరు మీ మంచం మీద పడుకోవచ్చు అన్నాను. ఇంత చక్కగా తెగిన తగువు నా బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు.

ఆయన సంతోషించలేదు. కంప వైపు చూసి, తెలుగులో అడిగాడు.

"అంటే అమ్మా, ఆమెని ఊరికే బయట పెట్టీసినానా?"

కళ్ళు లేని మనిషి. రెండు వారాలుగా తాళం వేసిన గుమ్మం బయట, చలిలో. నేను ఇవేవీ నమ్మను. అయినా లేచి, గుమ్మానికి ఎదురుగా ఉన్న నా కుర్చీని పక్కకి జరిపాను.

ఏమన్నాడని నర్సు అడిగింది. చెప్పాను.

ఆమె లేచి వెళ్ళి ఆయన ముందు నిలబడింది. "ఆమె దూరం వెళ్ళలేదు బాబా. ఎక్కడికి వెళ్తుంది, చూపు లేనిది? గేటు దగ్గరే ఉంటుంది" అంది.

"మీవాళ్ళు ఎలాగ తెస్తారు?" అని ఆయన అడిగాడు.

మా ఇంట్లో అయితే ఇది మగవాళ్ళు, పెద్దవాళ్ళు చేసే పని, నాకు తెలిసింది ఇంతే అని ముందుగా చెప్పి, అప్పుడు చెప్పింది. కొమ్మ చేత్తో పట్టుకోవాలి. ఆమెని పిలవాలి. దారిలో ఏమేం వస్తాయో ఆమెకి చెబుతూ ఉండాలి. ఆమెతో తప్ప ఇంకెవ్వరితోనూ మాట్లాడకూడదు. చూసేవాళ్ళు కూడా నోరు విప్పకూడదు. లోపలికి వెళ్ళాక, ఆమె ఎప్పుడూ కూర్చునే చోట కొమ్మ పెట్టాలి.

"ఏ భాషలో?"

"మీరు ఆమెతో మాట్లాడే భాషలో."

ఆయన వెళ్ళి కంప విప్పాడు. కట్టింది గట్టి తీగ, విప్పడానికి టైము పట్టింది. ముళ్ళు గీరుకుని చేతుల మీద రక్తం వచ్చింది. నర్సు అలవాటుగా ముందుకి ఒక అడుగు వేసి ఆగిపోయింది. ఆయన తాళం తీసి, తలుపు బార్లా తెరిచి పెట్టాడు. లోపల నుంచి మూసిన ఇంటి వాసన వచ్చింది. తర్వాత కొమ్మ పట్టుకుని గేటు దాకా నడిచి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఏమని పిలిచాడో మాకు వినబడలేదు.

ఇటు తిరిగినప్పుడు కుడి మోచెయ్యి కొంచెం బయటికి పెట్టి ఉంది. చాలా నెమ్మదిగా నడిచాడు, ఆయన మామూలు నడక కంటే నెమ్మదిగా.

"రా" అన్నాడు. "గేటు. కారు ఉంది, ఇటు పక్కకి రా. కుర్సీలు. సిస్టరు ఉంది ఇక్కడ, పంతులు దగ్గిర నుంచి వొచ్చిన అమ్మాయి ఉంది."

నేను పంతులు దగ్గర నుంచి రాలేదు. ఎవరూ మాట్లాడకూడదు కాబట్టి ఊరుకున్నాను.

ఔట్‌బిల్డింగ్ కిటికీలో తెర పక్కకి జరిగింది. ఆయన మమ్మల్ని దాటి, తెరిచిన గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. మోచెయ్యి ఇంకొంచెం పైకెత్తాడు, ఒకరి బరువు దాని మీద పడితే ఆనడానికి వీలుగా.

"మెట్టు" అన్నాడు.

నా పక్కన నర్సు కూడా అదే మాట చప్పుడు లేకుండా అంది. నేను ఆమె పెదవులు చూశాను.